తగలబెట్టిన స్మృతి, నిలుపుకున్న స్మృతి

(పరిశోధక విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'నిత్యజీవితంలో ఎరుక, మనసు స్పష్టత'. పోస్టర్ మీద ఈ పేరు చూసి ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోన్ చేశారు. "ఫెలోషిప్ నెలల తరబడి రాక మెస్ బిల్లు కట్టలేని పిల్లలకు మీరు ధ్యానం గురించి చెబుతారా సార్?" అని ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కడుపు నిండినవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే దాన్ని శాంతి అంటారు. ఆకలిగా ఉన్నవాడిని కళ్ళు మూసుకోమంటే దాన్ని మోసం అంటారు. ఈ తేడా తెలియకుండా ఈ అంశం మీద మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నేను మిమ్మల్ని కళ్ళు మూసుకోమని చెప్పడానికి రాలేదు. బుద్ధుడు నేర్పింది కళ్ళు తెరవడం అని చెప్పడానికి వచ్చాను.

ఒక మాటతో మొదలుపెడతాను. ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నదానికి పాళీలో ఉన్న పదం సతి. మన తెలుగు చెవికి ఈ మాట వేరే రకంగా వినిపిస్తుంది. భర్త చితి మీద భార్యను కాల్చిన ఆచారం గుర్తుకొస్తుంది. ఆ ఆచారానికీ కులానికీ ఉన్న సంబంధాన్ని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చదివిన పత్రంలో విప్పి చెప్పారు. పాళీ సతి అది కాదు. దానికి సంస్కృత రూపం స్మృతి. గుర్తుంచుకోవడం, మరవకపోవడం అని అసలు అర్థం.

ఇప్పుడు ఆలోచించండి. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో ఒక స్మృతిని తగలబెట్టారు. అది మనుస్మృతి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన లక్షలాది మందికి చేయించిన 22 ప్రతిజ్ఞల్లో బుద్ధుని అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తానన్నది ఒకటి. ఆ ఎనిమిదింటిలో ఏడవది సమ్మా సతి, అంటే సమ్యక్ స్మృతి. ఒక స్మృతిని కాల్చి, ఇంకొక స్మృతిని చేతికిచ్చారు. మొదటిది, నువ్వు ఎవరో మేం చెబుతాం, నువ్వు గుర్తుంచుకో అంటుంది. రెండవది, నువ్వే చూడు, చూసింది మరవకు అంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ రోజు నా ప్రసంగం.

సతి అంటే కాపలా

సతిపట్ఠాన సుత్తం మజ్ఝిమ నికాయంలో పదవది. దాని విస్తృత రూపం దీఘ నికాయంలో ఉంది. అందులో నాలుగు చోట్ల ఎరుక నిలపమని ఉంది: శరీరం, వేదన, చిత్తం, ధమ్మాలు. ఇక్కడ వేదన అన్న మాట దగ్గర తెలుగువాళ్ళు కాస్త ఆగాలి. మనకు వేదన అంటే బాధ. పాళీలో సుఖమూ వేదనే, దుఃఖమూ వేదనే, రెండూ కానిదీ వేదనే. ఏదైనా తగలగానే లోపల పుట్టే మొదటి అనుభూతికి ఆ పేరు. ఆ అనుభూతి నుంచి తృష్ణ పుడుతుంది, తృష్ణ నుంచి పట్టుకోవడం పుడుతుంది. వేదనకూ తృష్ణకూ మధ్య ఒక సన్నని సందు ఉంది. బౌద్ధ సాధన అంతా ఆ సందును గుర్తుపట్టడం మీదే నిలబడి ఉంది.

బాబాసాహెబ్ దీన్ని ఎలా చదివారు? ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో సమ్మా సతిని మనసు నిత్యం మేల్కొని ఉండటంగా, చెడ్డ వికారాల మీద మనసే పెట్టుకునే కాపలాగా ఆయన వివరించారు. సమాధికీ సమ్మా సమాధికీ తేడా చూపించారు. ఉత్త ఏకాగ్రత ఉన్నంతసేపే ఉంటుంది, లేచాక పోతుంది. మంచిని మాత్రమే తలచే అలవాటును మనసులో స్థిరపరిచేది సమ్మా సమాధి. అదే గ్రంథం పరిచయంలో ఆయన ఒక ప్రశ్న వేశారు: బుద్ధుడు భిక్షువును తయారుచేసింది పరిపూర్ణ మానవుడిగా ఉండిపోవడానికా, సమాజ సేవకుడిగా పనిచేయడానికా? తనలో తాను పరిపూర్ణుడై కూర్చునే భిక్షువు వల్ల ధమ్మానికి ఉపయోగం లేదన్నది ఆయన అభిప్రాయం. కాబట్టి అంబేద్కరైట్‌కు ధ్యానం గమ్యం కాదు, పనిముట్టు. కత్తిని నూరుకుంటూ జీవితమంతా కూర్చోలేం. మొద్దు కత్తితో పంటా కోయలేం.

రెండు బాణాలు, ఒక విల్లు

ఈ పనిముట్టు ఈ రోజు ఎవరి చేతుల్లో ఉందో కూడా చూడాలి. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఒక శిక్షణ మొదలుపెట్టారు. దీర్ఘకాలిక నొప్పులతో వచ్చిన రోగులకు అది పనికొచ్చింది. నేను దాన్ని తక్కువ చేయను. తర్వాత అది ఆసుపత్రి గడప దాటి కంపెనీల్లోకి, సైన్యంలోకి, ఫోన్ యాప్‌ల్లోకి వెళ్ళింది. ఆ ప్రయాణంలో శీలం రాలిపోయింది, ప్రజ్ఞ రాలిపోయింది. చివరికి శ్వాస ఒక్కటి మిగిలింది. పని గంటలు తగ్గించమని అడిగిన ఉద్యోగికి యాప్ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చే కాలం వచ్చింది. బౌద్ధుడే అయిన రొనాల్డ్ పర్సర్ 2019లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'మెక్‌మైండ్‌ఫుల్‌నెస్'. బర్గర్ షాపు పేరును తలపించేలా పెట్టాడు.

ఈ శిక్షణల్లో తరచుగా చెప్పే ఒక ఉపమానం సంయుత్త నికాయంలోనిది. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి. ఆ వెంటనే అతను ఏడుస్తాడు, గుండెలు బాదుకుంటాడు, నాకే ఎందుకిలా అని కుమిలిపోతాడు. ఇది రెండో బాణం. ఎరుక ఉన్నవాడికి మొదటి బాణం నొప్పి మాత్రమే ఉంటుంది, రెండోది ఉండదు. మంచి ఉపమానం. నాకు ఎన్నోసార్లు అక్కరకొచ్చింది. కానీ మన వాడల నుంచి వచ్చినవాళ్ళకు ఇది విన్న వెంటనే ఇంకొక ప్రశ్న పుడుతుంది, పుట్టాలి కూడా. మొదటి బాణం ఎక్కడి నుంచి వచ్చింది? వాన, ఎండ, జబ్బు, ముసలితనం అయితే వేసినవాడు లేడు. వైవాలో నీ ర్యాంక్ ఎంత, ఏ కేటగిరీ అని అడిగి నవ్వితే ఆ బాణం వెనుక ఒక విల్లు ఉంది, విల్లు వెనుక ఒక చేయి ఉంది, చేయి వెనుక కాల్చేసిన ఆ స్మృతి ఉంది.

ఇక్కడ పాళీ చదివిన మిత్రులు నన్ను ఆపవచ్చు. మాలుంక్యపుత్తుడికి బుద్ధుడు ఏం చెప్పాడు? విషబాణం తగిలినవాడు కొట్టినవాడి కులమేమిటో, ఊరేమిటో తెలిసేదాకా బాణం తీయనివ్వను అంటే చచ్చిపోతాడు కదా అన్నాడు. నిజమే. అయితే ఆ సందర్భం వేరు. లోకం శాశ్వతమా కాదా లాంటి తేలని ప్రశ్నలకు జవాబు ఇస్తేనే సాధన చేస్తానన్నవాడికి చెప్పిన జవాబు అది. ముందు బాణం తియ్యి అన్నాడు తప్ప, వేసేవాడిని వేస్తూనే ఉండనివ్వు అనలేదు. బాబాసాహెబ్ రాసిన బుద్ధ చరిత్రలో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలివాడినో శవాన్నో చూసి కాదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకూ కోలియులకూ తగాదా వచ్చింది. యుద్ధం చేద్దామని శాక్య సంఘం తీర్మానించబోతే సిద్ధార్థుడు అడ్డుపడ్డాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఆ నలుగురు కలిసి ఎంచుకునే ఐదో మనిషి కూర్చుని విచారణ జరపాలన్నాడు. కోపంతో ఊగిపోతున్న సభలో విచారణ అడగగలిగిన ఆ స్థిమితాన్నే నేను మనసు స్పష్టత అంటున్నాను.

కాబట్టి మన సూత్రం ఇది: రెండో బాణాన్ని మనం ఆపుకోవాలి, మొదటి బాణం వేసే చేతిని అందరం కలిసి ఆపాలి. రెండో బాణంతో ఒళ్ళంతా గాయమైన మనిషి ఆ చేతిని పట్టుకోలేడు. అందుకే ఈ రెండు పనులూ ఒకదానికొకటి పోటీ కావు.

వీసా కోసం నిరీక్షిస్తూ రాసిన మనిషి

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఏ ధ్యాన కేంద్రంలోనూ లేదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవండి. చిన్న పుస్తకం, ఒక గంటలో అయిపోతుంది. 1901లో పదేళ్ళ పిల్లవాడు అన్నతో, మేనల్లుళ్ళతో తండ్రి దగ్గరికి రైల్లో బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు చూసి మర్యాదగా మాట్లాడిన స్టేషన్ మాస్టర్, మహర్లమని తెలియగానే ముఖం మార్చి తన గదిలోకి వెళ్ళిపోయాడు. బండివాళ్ళు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకుంటే బండివాడు పక్కన నడిచాడు. రాత్రంతా భోజనం దగ్గరుంది, తాగడానికి నీళ్ళు లేవు. తర్వాత 1917లో బరోడాలో పార్శీ సత్రం, కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా నుంచి పడిపోవడం. 1934లో దౌలతాబాద్ కోట దగ్గర చెరువులో కాళ్ళూ చేతులూ కడుక్కున్నందుకు గొడవ. ఆ దౌలతాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలోది, అంటే మన హైదరాబాద్ సంస్థానంలోదే.

ఆ పుస్తకంలో తిట్లు లేవు. జాలి అడగడం లేదు. ఏ ఊరు, ఏ వేళ, ఎవరు ఏమన్నారు, డబ్బు ఎంత ఇచ్చారు, నీళ్ళు ఎక్కడ దొరకలేదు, అప్పుడు లోపల ఏమనిపించింది, అంతా వరుసగా ఉంటుంది. ఎన్నో ఏళ్ళ కిందట తగిలిన బాణాన్ని చేయి వణకకుండా బయటికి తీసి బల్ల మీద పెట్టి, చూడండి ఇది దీని కొలత అన్నట్టు ఉంటుంది. గుర్తుంచుకోవడం, స్పష్టంగా చూడటం, ఈ రెండూ ఒకే చోట కలిస్తే దానికి పాళీలో సతి అని పేరు. ఆయన దీక్ష తీసుకోవడానికి ఇరవై ఏళ్ళ ముందే ఆ చూపు ఆయన రాతలో ఉంది.

మన ధ్యాసను ఎవరు తింటున్నారు

క్యాంపస్‌లో మీ ధ్యాస ఎక్కడెక్కడ ఖర్చవుతోందో ఎప్పుడైనా లెక్క వేశారా? కొత్త వాళ్ళు పరిచయమైతే ఇంటి పేరు చెప్పాలా వద్దా. గోడ మీద ఏ బొమ్మ పెట్టుకోవాలి. డబ్బాలో కూర ఏమిటో చెప్పాలా. సెమినార్‌లో ఇంగ్లీషు తడబడితే ఎవరు ఎవరి వంక చూశారు. గైడ్ మెయిల్‌కు జవాబు ఇవ్వకపోతే అది పని ఒత్తిడా, ఇంకేదైనానా. పక్క సీట్లో ఉన్న సహాధ్యాయికి ఈ లెక్కలేవీ ఉండవు. అతని ధ్యాస మొత్తం పుస్తకం మీద ఉంటుంది. దాన్నే లోకం ప్రతిభ అంటుంది. కులం మన భూమిని, కూలిని తినడమే కాదు, ధ్యాసను కూడా పన్నులా వసూలు చేస్తుంది. 2007లో ఎయిమ్స్ మీద తోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక తరగతి గదిలో, హాస్టల్‌లో, మైదానంలో ఈ వివక్ష ఎలా పనిచేస్తుందో నమోదు చేసింది. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను కోల్పోయాం. ఆ తర్వాత కూడా ఆ జాబితా ఆగలేదు.

ఈ పన్ను ఇలా పోతుంటే, మిగిలినదాన్ని ఫోన్ తింటోంది. మన ఉద్యమం వార్తలు కూడా ఫోన్‌లోనే వస్తాయి కాబట్టి దాన్ని వదిలెయ్యండి అని నేను చెప్పను. కానీ రాత్రి ఒంటిగంటకు ఎక్కడో ఎవరో బాబాసాహెబ్ విగ్రహం మీద చేసిన దుర్మార్గం వీడియో చూస్తారు. కింద ఉన్న నాలుగు వందల బూతు కామెంట్లు చదువుతారు. పదకొండింటికి జవాబు రాస్తారు. పొద్దున తొమ్మిది గంటల క్లాసుకు వెళ్ళలేరు. ఆ కామెంట్ పెట్టినవాడికి పోయిందేమీ లేదు. ఆ కంపెనీకి లాభం వచ్చింది. పోయింది మీ రాత్రి, మీ చాప్టర్.

మన ఇళ్ళల్లోని ఎరుక

ఎరుక పరాయిది, మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది అనుకోకండి. ఎరుక అచ్చమైన తెలుగు మాట. మా అమ్మ నాట్లకు వెళ్ళేది. నారు కట్ట ఎడమ చేతిలో, కుడి చేత్తో మూడు నాలుగు పోచలు వేరు చేసి, బొటనవేలితో బురదలోకి దించి, వెనక్కి వెనక్కి నడిచేది. లోతుగా పెడితే పిలకలు రావు, పైపైన పెడితే తేలిపోతుంది. పక్క మనిషి వరుస తప్పితే చూడకుండానే తెలిసేది. మా పెదనాన్న డప్పును మంటకు కాచి వేలితో ఒక్కసారి తట్టి, ఇంకా కాగాలి అనేవాడు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల, రెండూ వేరు వేరు పని చేస్తుంటే చెవి రెండింటినీ పట్టుకుని ఉండాలి. లందలో తోలు ఎప్పుడు తీయాలో, తంగేడు చెక్క ఎంత పట్టిందో ఒంటితో తెలుసుకున్న మనుషుల పిల్లలం మనం.

ఇలా అంటున్నానని శ్రమను పవిత్రం చేసి, ఆ మడిలోనే, ఆ లందలోనే ఉండిపొమ్మంటున్నానని అనుకోవద్దు. ఎంచుకునే హక్కు లేని పని బానిసత్వమే. మా అమ్మ నడుము ఇప్పటికీ నిటారుగా నిలబడదు. నేను చెప్పేది ఒక్కటే: మన వాళ్ళకు ధ్యాస లేదు, తెలివి లేదు అన్నది అబద్ధం. ఆ ధ్యాస మీదే ఈ దేశం తిండి తిన్నది, చెప్పులు తొడిగింది.

అమరావతి మహాచైత్యం శాసనాల్లో ఒక దాత పేరు విధికుడు. అతను చమ్మకారుడు, అంటే తోలు పని చేసేవాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని స్తూపానికి ఇచ్చినట్టు ఆ శాసనం చెబుతుంది. ఒక ఉపాధ్యాయుడి కొడుకు తోలు పని చేయడం, ఆ పని పేరు దాచుకోకుండా రాతి మీద చెక్కించుకోవడం కృష్ణా తీరంలో సుమారు రెండు వేల ఏళ్ళ కిందట సాధ్యమైంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నం మధ్యలో ఉన్న పూర్ణఘటం ఆ అమరావతి శిల్ప సంప్రదాయం నుంచే వచ్చింది. ఈ స్మృతిని మనకు ఏ పాఠ్యపుస్తకం గుర్తుచేసింది?

బౌద్ధ కథల్లో చుళ్ళపంథకుడు అని ఒకడున్నాడు. నాలుగు నెలల్లో ఒక్క గాథ కూడా కంఠస్థం చేయలేకపోయాడని స్వయానా అన్నే విహారం నుంచి వెళ్ళిపొమ్మన్నాడు. ఈ రోజు భాషలో చెప్పాలంటే మెరిట్ లేదన్నాడు. బుద్ధుడు అతన్ని పిలిచి ఒక తెల్లని గుడ్డ చేతికిచ్చి, దీన్ని రుద్దుతూ ఉండు, ఏం జరుగుతుందో చూడు అన్నాడు. గుడ్డ మెల్లగా మాసిపోయింది. ఆ మార్పును కళ్ళారా చూస్తూ చూస్తూ అతను అనిత్యాన్ని గ్రహించాడు, అర్హంతుడయ్యాడు. పటాచార కథా అంతే. అయినవాళ్ళందరినీ పోగొట్టుకున్న ఆ స్త్రీ కాళ్ళు కడుక్కుంటూ పల్లానికి పారే నీళ్ళను చూసింది, తర్వాత గదిలో దీపం వత్తి కిందికి లాగి ఆర్పింది. అక్కడే ఆమె మనసు విముక్తమైంది. గుడ్డ, నీళ్ళు, దీపం. ప్రత్యేకమైన చాప, ఖరీదైన గంట ఎక్కడా లేవు.

రేపటి నుంచి ఏం చేయవచ్చు

ఇప్పుడు చేతికి అందే సంగతులు చెబుతాను. ఇవి నేను చేసేవి, నా విద్యార్థులతో చేయించేవి.

మొదటిది శ్వాస. పొద్దున లేవగానే, ఫోన్ ముట్టుకోకముందు, పది నిమిషాలు. మంచం మీదైనా, కుర్చీలోనైనా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. లోపలికి వెళ్ళే గాలి, బయటికి వచ్చే గాలి ముక్కు దగ్గర తెలుస్తుంది. దాన్ని మార్చకండి, ఊరికే గమనించండి. మనసు పారిపోతుంది. పారిపోయిందని తెలిసిన క్షణమే సాధన. తిట్టుకోకుండా తిరిగి తీసుకురండి. పది నిమిషాల్లో నలభైసార్లు పారిపోతే నలభైసార్లు సాధన జరిగినట్టు. ఒక మాట కూడా చెప్పాలి: పెద్ద దెబ్బ తిన్నవాళ్ళకు కళ్ళు మూసుకుంటే పాత దృశ్యాలు మీదికి రావచ్చు. అప్పుడు కళ్ళు తెరిచి, పాదాలు నేల మీద ఆనిన స్పర్శను గమనించండి, లేదా లేచి నడవండి. నడకనూ బుద్ధుడు సాధనగానే చెప్పాడు.

రెండవది వేదనకు పేరు పెట్టడం. ఇంటర్వ్యూ గదిలో ఎవరో ఒక మాట అన్నారు. చెవులు వేడెక్కాయి, గొంతు పట్టేసింది. లోపల ఒక్క మాట అనుకోండి: ఇది దుఃఖ వేదన. ఇది నేను కాదు, నాకు తగిలింది. ఒక శ్వాస తీసుకోండి. ఆ ఒక్క శ్వాసలో మీకు ఎంపిక దొరుకుతుంది: ఇప్పుడే జవాబు చెప్పాలా, ప్రశ్నను మళ్ళీ చెప్పమని అడగాలా, బయటికి వచ్చి ఫిర్యాదు రాయాలా. కోపాన్ని చంపుకోమనడం లేదు. కోపం తోలుతున్న బండిలో కూర్చోవద్దు, పగ్గాలు మీ చేతిలో ఉంచుకోండి అంటున్నాను.

మూడవది రాహులుడి అద్దం. తన కొడుకు రాహులుడికి బుద్ధుడు చెప్పిన ఈ పాఠాన్ని అశోకుడు బైరాట్ శాసనంలో అందరూ తరచుగా వినాలని పేరు పెట్టి చెప్పాడు. ఏ పనైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక మూడుసార్లు అడుగు: ఇది నాకు హాని చేస్తుందా, ఎదుటివాళ్ళకు చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా? దీన్ని పోస్టు పెట్టే ముందు, ఫార్వర్డ్ చేసే ముందు వాడి చూడండి. మన సంఘాల్లో ఉపకులాల పేరుతో, సంస్థల పేరుతో ఒకరినొకరు చీల్చుకునే పోస్టులు సగం ఈ అద్దం ముందు నిలబడవు. హాస్టల్‌లో ఆడపిల్లల గురించి మన అబ్బాయిలు మాట్లాడే మాటలు అసలే నిలబడవు. కులం గురించి మేల్కొని, ఇంట్లో అక్కాచెల్లెళ్ళ విషయంలో నిద్రపోతే అది సమ్మా సతి కాదు.

నాలుగవది నోటు పుస్తకం. అవమానం జరిగిన రోజే రాయండి. తేదీ, సమయం, చోటు, ఎవరు, ఏ మాటలు అన్నారో అవే మాటలు, అక్కడ ఎవరెవరు విన్నారు. చివర రెండు వాక్యాల్లో నా ఒంట్లో, మనసులో ఏం జరిగింది. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, రాసింది తలలో రాత్రంతా తిరగదు. రెండు, అది సాక్ష్యం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఉద్దేశపూర్వక అవమానం గురించి ఉన్న నిబంధన, అది నలుగురికీ కనిపించే చోట జరిగిందా అని అడుగుతుంది. అక్కడ ఎవరు విన్నారు అన్న మీ ఒక్క వాక్యం రేపు ఎంత పని చేస్తుందో ఊహించండి. బాబాసాహెబ్ మనకు నేర్పిన పద్ధతే ఇది.

ఒక్కరి వల్ల అయ్యేది కాదు

చివరగా ఒక హెచ్చరిక. ధ్యానం మందు కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బతకాలని లేదనిపిస్తే శ్వాస మీద కూర్చుని నెట్టుకురావద్దు. వెంటనే ఒక మనిషికి చెప్పండి. ప్రభుత్వ టెలీ-మానస్ నంబర్ 14416 ఉంది, డబ్బు ఖర్చు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం బలహీనత కాదు, అది కూడా ఎరుకే. అలాగే కౌన్సెలింగ్ గది తెరిచి చేతులు దులుపుకునే యాజమాన్యాలకూ చెప్పాలి: పిల్లల మనసులు సరిచేస్తామంటున్నారు, సంతోషం. ముందు ఫెలోషిప్ సకాలంలో ఇవ్వండి, ఎస్సీ, ఎస్టీ సెల్‌ను పనిచేయనివ్వండి, వైవా గదిలో విల్లు దించండి.

మన ఉద్యమంలో ఒక పాత వాదన ఉంది. ధ్యానం పోరాటాన్ని చల్లారుస్తుందని కొందరు, ధ్యానం లేకుండా ధమ్మం లేదని కొందరు. మహారాష్ట్రలో ధమ్మ దీక్ష తీసుకున్న వాడల్లో ధ్యాన తరగతులు, పిల్లల హాస్టళ్ళు ఒకే చోట నడుస్తున్నాయి. అక్కడ ఈ రెండింటి మధ్య గోడ కనిపించదు. నా దృష్టిలో పరీక్ష సులువు. నీ సాధన నిన్ను పక్క గదిలో ఏడుస్తున్న జూనియర్ తలుపు తట్టేలా చేస్తుందా? అయితే అది ధమ్మం. తలుపు వేసుకుని ప్రశాంతంగా ఉండేలా చేస్తుందా? అయితే అది మత్తు.

ఈ హాస్టల్ బ్లాకుల్లో వారానికి ఒక సాయంత్రం కలవండి. పదిహేను నిమిషాలు మౌనం. ఆ తర్వాత 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో నాలుగు పేజీలు. ఆ తర్వాత ఆ వారం ఎవరికి ఏం జరిగిందో ఒక్కొక్కరు చెప్పడం, మిగతావాళ్ళు మధ్యలో మాట్లాడకుండా వినడం. చివర ఎవరికైనా ఫిర్యాదు రాయడంలో, చాప్టర్ దిద్దడంలో సాయం కావాలంటే పని పంచుకోవడం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు.

బుద్ధుడు చివరిసారి భిక్షువులకు చెప్పింది అప్రమాదం గురించి. ఏమరుపాటు లేకుండా ఉండటం గురించి. మనల్ని మరిచిపొమ్మని లోకం చాలా తియ్యగా అడుగుతోంది. కులం ఎక్కడుంది, పాత సంగతులు ఎందుకు, రిలాక్స్ అవ్వు అంటోంది. మనం మరవం. అలాగని ఆ జ్ఞాపకం కింద నలిగిపోము కూడా. స్థిమితంగా కూర్చుని, స్పష్టంగా చూసి, కలిసి లేస్తాం.

 ప్రశ్నలు అడగండి, ముఖ్యంగా నాతో విభేదించేవాళ్ళు ముందు అడగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.